చెవితో చదివేవారికీ తలుపు తెరుద్దాం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1985 పదో తరగతి బ్యాచ్ వాణ్ని. ఇంజనీరింగ్ చదివి ముప్ఫై ఏళ్లకు పైగా సాఫ్ట్‌వేర్ పనిలోనే ఉన్నాను. అందులో చివరి పన్నెండేళ్లుగా చూపులేనివారు కూడా వాడుకోగలిగేలా వెబ్‌సైట్లను సరిచెయ్యడం నా పని. "నీ పని గురించే మాట్లాడు, కాకపోతే మాకు అర్థమయ్యేట్టు మాట్లాడు" అని కార్యదర్శిగారు షరతు పెట్టారు. ప్రయత్నిస్తాను.

మన సంఘం ఈ ఏడాది సొంత వెబ్‌సైటు పెడుతోంది. స్వర్ణోత్సవ సంచికను అచ్చు వేయడమే కాక ఆ సైటులోనూ పెడతారట. ఈ రెండింటి విషయంలోనూ నాదొక మనవి ఉంది. అయితే ముందు అసలు సంగతి తెలియాలి.

చూపులేనివారు కంప్యూటరు ఎలా వాడతారని చాలామంది అడుగుతారు. స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాం ఉంటుంది. తెర మీద ఉన్నదాన్ని మాటలుగా మార్చి చదివి వినిపిస్తుంది. ఒకప్పుడు ఇలాంటివి కొనాలంటే కంప్యూటరు కంటే ఎక్కువ ఖర్చయ్యేది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టాడు. చూపులేని మరో మిత్రుడు జేమ్స్ టే ఆయనతో చేరాడు. అది పూర్తిగా ఉచితం. ప్రపంచమంతా వాడుతోంది, తెలుగు కూడా చదువుతుంది. ఇక ఫోన్ల సంగతి చెప్పనే అక్కరలేదు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోనులో వాయిస్‌ఓవర్ ముందే ఉంటాయి. అంటే ఈ హాల్లో దాదాపు ప్రతి జేబులోనూ ఒక స్క్రీన్ రీడర్ ఉంది. మనం దాన్ని మేల్కొలపలేదంతే.

అలవాటైనవారు దాన్ని మామూలు మాట కంటే రెండు మూడు రెట్ల వేగంతో వింటారు. పక్కనున్న మనకు ఒక్క ముక్క అర్థం కాదు. వాళ్లు పేజీని మొదటి నుంచి చివరి దాకా వింటూ కూర్చోరు. మనం పేపరు తెరిస్తే ముందు హెడ్డింగులు చూసి, కావలసిన వార్త దగ్గర ఆగుతాం కదా! వాళ్లూ అంతే. ఎన్‌వీడీఏలో హెచ్ అనే మీట నొక్కితే ఒక హెడ్డింగు నుంచి ఇంకో హెడ్డింగుకు దూకవచ్చు. కె నొక్కితే లింకులు, బి నొక్కితే బటన్లు వస్తాయి. మౌసుతో పని లేదు, అంతా కీబోర్డే.

చిక్కు ఇక్కడే వస్తుంది. పేజీ తయారుచేసినవాడు "ఇది హెడ్డింగు" అని యంత్రానికి చెప్పి ఉండాలి. చెప్పకుండా అక్షరాలు పెద్దవి చేసి, లావు చేసి వదిలేస్తే మన కన్ను పోల్చుకుంటుంది గానీ యంత్రానికి అదీ మామూలు వాక్యమే. కంటికి కనిపించే వేషం ఒకటి, యంత్రానికి తెలిసే పేరు ఒకటి. వేషం వేసి పేరు పెట్టకపోవడమే మా వృత్తిలో జరిగే అసలు లోపం.

ఒక ఉదాహరణ చెబుతాను. నాతో ఆరేళ్లు పనిచేసిన ఒక టెస్టరు పార్వతీపురం వైపు అబ్బాయి. పుట్టుకతోనే చూపు లేదు. చదువుకునే రోజుల్లో ఒక దరఖాస్తు నింపడానికి తను పడ్డ పాట్లు నాకు వివరించాడు. ఆ ఫారంలో పేరు, పుట్టినతేదీ, ఆధార్ నంబరు, ఆదాయం, అన్నిటికీ గళ్లున్నాయి. ఏ గడి దేనిదో యంత్రానికి ఎవరూ చెప్పలేదు. స్క్రీన్ రీడర్ ప్రతి గడి దగ్గరా "ఎడిట్, ఖాళీ" అంటుందే తప్ప ఏం నింపాలో చెప్పదు. అడిగి అడిగి వరస బట్టీపట్టి నింపాడట. తప్పులుంటే ఆ గళ్లు ఎర్రగా మారతాయి. ఎరుపు ఎవరికి కనిపిస్తుంది? అదీ దాటితే చివర వంకర అక్షరాల బొమ్మ, "ఇందులో ఏముందో టైపు చెయ్యండి" అని. దానికి బదులుగా వినే ఏర్పాటు లేదు. అక్కడితో దారి మూసుకుపోయింది.

చివరికి ఏం చేశాడు? నెట్ సెంటరుకు వెళ్లి, అక్కడ కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషికి తన ఆధార్ నంబరు, పాస్‌వర్డు, ఫోనుకు వచ్చిన ఓటీపీ అన్నీ అప్పజెప్పాడు. "సార్, నాకు చదువు రాక వెళ్లానా, టైపు రాక వెళ్లానా?" అని అడిగాడు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు రోజూ మెసేజీలు పెడతాయి. చెప్పక తప్పని స్థితిలో ఆ అబ్బాయిని నిలబెట్టింది అతని చూపు కాదు, ఆ పేజీ. ఒక్కో గడికి లేబుల్ కట్టడం ఇంజనీరుకు ఒక్క వరస పని.

ఇది ఆ ఒక్క సైటు కథ కాదు. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ ఏటా పది లక్షల సైట్ల మొదటి పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో లోపాలు దొరికాయి. ఏటా దొరికేవి ఆ ఆరు రకాలే: వెలిసిపోయినట్టున్న అక్షరాలు, వివరణ లేని బొమ్మలు, లేబుల్ లేని గళ్లు, పేరు లేని లింకులు, పేరు లేని బటన్లు, ఏ భాషో చెప్పని పేజీలు. వీటిలో దేనికీ పెద్ద పరిశోధన అక్కరలేదు. శ్రద్ధ కావాలి.

మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. పుట్టుకతో చూపులేనివారినే తలచుకుని ఇది ఎవరి సమస్యో అనుకోకండి. మన సంఘానికి 50 ఏళ్లు నిండాయి. మొదటి బ్యాచ్‌ల వారికి అరవై దాటి చాలాకాలమైంది. షుగరు, నీటికాసులు, శుక్లాలు మన ఇళ్లలో ఎవరికి లేవు?

మన సంఘంలోనే ఒక సీనియరు ఉన్నారు. మేష్టారుగా పనిచేసి రిటైరయ్యారు. షుగరు వల్ల చూపు పోయింది. రోజూ పొద్దున్నే ఫోనులో పేపరు వింటారు. పదేళ్ల కిందటి మన సంచిక పీడీఎఫ్ ఎవరో పంపితే, ఫోను చదువుతుందని ఆశపడి తెరిచారట. నాకు ఫోను చేశారు. "బాబూ, మన బడి పుస్తకం తెరిస్తే ఇదేటిరా, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు గొణుగుతోంది? ఒక్క తెలుగు ముక్క లేదు" అన్నారు. ఆయన ఫోను బాగానే ఉంది. పుస్తకంలోనూ తెలుగే ఉంది. మరి ఏమైంది?

ఇది మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు కనుక కొంచెం ఓపిగ్గా వినండి. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న పాత తెలుగు ఫాంట్లు ఒక ఉపాయంతో పనిచేస్తాయి. కంప్యూటరు లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరమే. దాని మీద తెలుగు అక్షరం బొమ్మ తొడుగుతారు. కాగితం మీద అచ్చు ముత్యాల్లా వస్తుంది. ఆ ఫాంట్లు తెలుగు అచ్చుకు చేసిన సేవ తక్కువది కాదు. కానీ స్క్రీన్ రీడర్ తొడుగును చూడదు, లోపలిది చదువుతుంది. అందుకే మేష్టారికి ఇంగ్లీషు గొణుగుడు వినిపించింది. ఆ పీడీఎఫ్‌లో మీ పేరు టైపు చేసి వెతికినా దొరకదు, కారణం ఇదే.

యూనికోడ్ ఈ చిక్కు తీర్చింది. 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే అందులో తెలుగు ఉంది. తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అక్కడ 'అ' అంటే లోపలా 'అ', బయటా 'అ'. మీరు వాట్సాప్‌లో టైపు చేసే తెలుగంతా యూనికోడే. అచ్చుకు పనికొచ్చే యూనికోడ్ ఫాంట్లూ ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో ఒకదాని పేరు గిడుగు, ఇంకొకదాని పేరు గురజాడ. చదువు సామాన్యుడికి అందాలంటే అతని మాటలోనే రాయాలని పోరాడిన మన శ్రీకాకుళం గిడుగు రామమూర్తి పంతులుగారి పేరున్న ఫాంటు ఉండగా, మన సంచిక కొందరికి అందకపోతే బాగుంటుందా?

"ఇప్పుడు ఏఐ వచ్చింది కదా, బొమ్మల్ని కూడా అదే చదివేస్తుంది" అని మన కుర్రాళ్లు అంటారు. నిజమే, చాలావరకు చదువుతుంది, సాయపడుతోంది. కానీ మన పాత గ్రూపు ఫొటో చూపిస్తే "చెట్టు కింద కొందరు విద్యార్థులు, ముందు కుర్చీల్లో పెద్దవారు" అని చెప్పగలదు. ఆ కుర్చీల్లో ఎవరెవరో, ఆ చెట్టు ఏ తరగతి కిటికీ పక్కనుండేదో దానికి తెలియదు. తెలిసినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. ఇంకో ఇరవై ఏళ్లకు అందరం ఉండం. బొమ్మకు వెనక రాసే వివరణను మేము ఆల్ట్ టెక్స్ట్ అంటాం. దాన్ని చూపులేనివారి కోసం రాస్తాం. కానీ మన ఫొటోలకు అది రాస్తే, మన మనవళ్లకు ఆ పేర్లు మిగులుతాయి.

చట్టం గురించి రెండు మాటలు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలంటుంది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009 నుంచే మార్గదర్శకాలున్నాయి, 2023లో మూడో కూర్పు వచ్చింది. అంతర్జాతీయ ప్రమాణాలు 1999 నుంచి ఉన్నాయి. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఇవి సలహాలుగా మిగిలిపోతే చాలదు, తప్పనిసరి నియమాలు కావాలంది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు ఫోను ముందు కళ్లార్పి కేవైసీ చేసుకోలేకపోతున్నారన్న వ్యాజ్యాల మీద వచ్చిన తీర్పు అది. అయితే మన సైటుకు నేను అడిగేది చట్టానికి భయపడి కాదు.

విజయనగరం సంగీత కళాశాల కథ మీకు తెలిసే ఉంటుంది. ఆస్థానంలో పనిచేసే ఒకరి కొడుక్కి చూపు లేదని, అతనికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనలోంచే ఆ పాఠశాల పుట్టిందని మన పెద్దలు చెప్పుకుంటారు. 1919లో విజయరామ గజపతిరాజుగారు దాన్ని నెలకొల్పారు. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు, ఆ తరవాత ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఘంటసాల అక్కడే నేర్చుకున్నారు, సుశీలగారు అక్కడే నేర్చుకున్నారు. ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన తలుపులోంచి లోకానికి ఎంత పాట వచ్చిందో చూడండి.

మా పనిలోనూ అదే చూశాను. చూపులేనివారి కోసం అక్షరాల రంగు ముదురు చేస్తే, మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోను చూసుకునే ఆటో డ్రైవరుకు పనికొచ్చింది. హెడ్డింగులు సరిచేస్తే గూగుల్‌లో వెతికేవారికి సులువయింది. పాత పీడీఎఫ్‌ను యూనికోడ్‌లోకి మారిస్తే పేరుతో వెతుక్కోవడం అందరికీ వీలయింది.

ఇక నా మనవి. ఖర్చు పెద్దగా లేనివే అడుగుతున్నాను.

ఒకటి. స్వర్ణోత్సవ సంచికను యూనికోడ్ తెలుగులో కూర్చండి. పాత ఫాంటులో ఇప్పటికే కూర్చినవి ఉంటే మార్చే ఉపకరణాలున్నాయి. మార్చాక ఒకసారి ప్రూఫు చూస్తే చాలు. సైటులో పెట్టేటప్పుడు పేజీలను ఫొటోలు తీసి పెట్టవద్దు.

రెండు. ప్రతి ఫొటోకూ వివరణ రాద్దాం. ఎవరి బ్యాచ్ ఫొటో వారు రాయండి. "గ్రూప్ ఫొటో" అని కాదు. ఏ సంవత్సరం, ఏ సందర్భం, ఎడమ నుంచి ఎవరెవరు అని రాయండి.

మూడు. లింకు పేరు "ఇక్కడ నొక్కండి" అని కాక "1985 బ్యాచ్ ఫొటోలు" అని ఉండాలి. ఫారాల్లో ప్రతి గడికీ లేబుల్ ఉండాలి. పేజీ తెలుగని యంత్రానికి చెప్పాలి, లేకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగును చదవబోయి తడబడుతుంది. పేజీ తెరవగానే బడి పాట మోగేలా పెట్టాలని ఒక ఆలోచన ఉందని విన్నాను. పాట మంచిదే, కానీ అది మోగుతుంటే స్క్రీన్ రీడర్ గొంతు వినపడదు. నొక్కినప్పుడు మోగేలా పెడదాం.

నాలుగు. సైటు తెరిచే ముందు ఇప్పటి తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక గంట ఇవ్వండి. మౌసు తీసేసి కీబోర్డుతోనే తిరగమనండి. ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టి, కళ్లు మూసుకుని మన ఫారం నింపమనండి. ఎక్కడ ఆగిపోయారో రాయమనండి. ఆ గంట పిల్లలకూ పాఠమే. ఆ తరవాత స్క్రీన్ రీడర్ రోజూ వాడేవారి చేత తప్పకుండా పరీక్ష చేయిద్దాం, చేసినందుకు డబ్బులిద్దాం. అది నైపుణ్యం, దానికి విలువ కట్టాలి.

సైటు చేసే తమ్ముళ్లకు సాయం చెయ్యడానికి నేనున్నాను. జనవరి నుంచి ప్రతి ఆదివారం రెండు గంటలు కేటాయిస్తాను. సీనియరు మేష్టారిని అడిగాను, మొదటి పరీక్ష ఆయనే చేస్తానన్నారు. "తప్పులుంటే ఎర్ర సిరా పెన్ను తీస్తాను" అని కూడా అన్నారు. మార్కులు ఆయన వేస్తారు కాబట్టి జాగ్రత్తగా రాద్దాం.