యుద్ధావసరం – వైద్య ప్రగతి: బోదకాలు మందు చెప్పే పాఠం



యుద్ధం ప్రాణాలను హరిస్తుంది. అయినప్పటికీ ప్రాణాలను నిలిపే ఔషధాలు అనేకం యుద్ధకాలంలోనే త్వరితగతిన రూపొందాయి. యుద్ధం మానవునికి కొత్త మేధస్సును ప్రసాదించదు; అంతవరకు వాయిదా పడుతూ వచ్చిన పనికి ధనాన్ని, మనుషులను, గడువును సమకూర్చుతుంది. పెన్సిలిన్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దానిని 1928లో కనుగొన్నారు. పది సంవత్సరాలకు పైగా అది ప్రయోగశాల గడప దాటలేదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో, బ్రిటన్ శాస్త్రజ్ఞులు అమెరికా వెళ్లి సహాయం కోరారు. ప్రభుత్వమూ, ఔషధ కంపెనీలూ ఏకమై పనిచేయగా, 1944 జూన్‌లో నార్మండీ తీరాన దిగిన సేనలకు పెన్సిలిన్ సిద్ధంగా ఉన్నది.

అంత ప్రసిద్ధి పొందని మరొక ఉదాహరణ తెలుగువారికి ఇంకా దగ్గరిది. అది బోదకాలు వ్యాధికి మందు లభించిన చరిత్ర.

గోదావరి జిల్లాలలోనూ, విశాఖ తీరంలోనూ తరతరాలుగా ప్రజలను పీడించిన వ్యాధి ఇది. సన్నని దారం వంటి క్రిములు శోషరస నాళాలలో చేరి కాలిని స్తంభం వలె ఉబ్బింపజేస్తాయి. రోగి పని చేయలేడు. నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడు. దోమ శరీరంలో ఈ క్రిమి పెరుగుతుందని పాట్రిక్ మాన్సన్ 1877లో చైనాలోని అమోయ్ పట్టణంలో గుర్తించారు. కారణం తెలిసిన తరువాత కూడా తగిన మందు రావడానికి 70 సంవత్సరాలు పట్టింది. రోగులలో అత్యధికులు పేదలు. వారి కొరకు తొందరపడినవారు తక్కువ.

1942 తరువాత పరిస్థితి మారింది. పసిఫిక్ దీవులలో, ముఖ్యంగా సమోవా ప్రాంతంలో, వేలాది అమెరికన్ సైనికులకు ఈ వ్యాధి సోకింది. కాళ్లూ చేతులూ వాచిన సైనికులను స్వదేశానికి తరలించవలసి వచ్చింది. అప్పటికి ప్రయత్నించిన ఆంటిమొని, ఆర్సెనిక్ సంబంధమైన మందులు రోగికే ప్రమాదకరమైనవి. సురక్షితమైన మందు కావలసి వచ్చింది.

న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ సంస్థలో ఈ అన్వేషణకు నాయకత్వం వహించిన వ్యక్తి భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణులై, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌లో పరిశోధన సాగించి, 1940లో ఆ సంస్థలో చేరారు. ఆయన సహచరుడు హ్యూయిట్, ఈ జాతికి దగ్గరి క్రిములు సోకిన ఎలుకలపై రసాయనాలను ఒకదాని వెంట ఒకటిగా పరీక్షించారు. వాటిలో డైఇథైల్ కార్బమజీన్ గుణమిచ్చింది. 1947లో ఆ ఫలితాలు ప్రకటితమయ్యాయి. ప్యూర్టోరికోలో రోగులపై ప్రయోగించినప్పుడు సత్ఫలితాలు కనిపించాయి. హెట్రజాన్ అన్న పేరుతో అది వ్యాప్తి పొందింది. మరుసటి సంవత్సరమే సుబ్బారావు కన్నుమూశారు.

యుద్ధం 1945లోనే ముగిసింది. సైనికుని కొరకు వెదకిన మందు చివరకు పల్లెవాసికి దక్కింది. భారతదేశంలో 1955లో ఆరంభమైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమానికి ఈ మందే ఆధారమైంది. 2004 నుండి వ్యాధి ఉన్న జిల్లాలలో ఏటా అందరికీ పంచే మాత్రలలోనూ ఇది ఉన్నది. రక్తంలోని పిల్లక్రిములను ఇది నశింపజేస్తుంది. అందువలన దోమ ద్వారా వ్యాధి మరొకరికి పాకదు. అయితే ఏళ్ల తరబడి ఉబ్బిన కాలిని ఇది పూర్వరూపానికి తేలేదు. ఆలస్యానికి మూల్యం అదే.

ఈ పాఠం కోలారు బంగారు గనుల పట్టణానికి బాగా అర్థమవుతుంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ గనుల పని చేపట్టినది మొదలు, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడే వరకు, తెలుగు, తమిళ, కన్నడ కార్మికులు భూగర్భంలో శ్రమించారు. బంగారం దాగిన స్ఫటికశిలకు రంధ్రాలు వేసేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి గట్టిపడి సిలికోసిస్‌గా పరిణమిస్తుంది. రాతిని నీటితో తడుపుతూ రంధ్రం వేయడం, గాలి బాగా ఆడేటట్లు చూడడం వలన దానిని నివారించవచ్చును. ఒకసారి దెబ్బతిన్న ఊపిరితిత్తిని తిరిగి బాగుచేసే మందు మాత్రం నేటికీ లేదు. సైనికుని వాపు సేనాధిపతులను కదిలించింది. కార్మికుని దగ్గు ఏ సేనాధిపతినీ కదిలించలేదు.

గనులు మూతపడినంత మాత్రాన ఈ వ్యాధి ముగియదు. పని మానిన ఏళ్లకు కూడా అది బయటపడుతుంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశం అధికం. ఎక్స్‌రేలో ఒకదానిని చూసి మరొకటిగా భ్రమపడే అవకాశమూ ఉన్నది. కనుక గనిలో పనిచేసిన పెద్దలు ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఏ పని ఎన్ని సంవత్సరాలు చేసినదీ వైద్యునికి తప్పక తెలపాలి. ఆ మాటను గుర్తుచేసే బాధ్యత చదువుకున్న పిల్లలది. ఈ పాఠశాల నుండి వైద్యశాస్త్రం వైపు వెళ్లే విద్యార్థులకు మరొక బాధ్యత కూడా ఉన్నది: యుద్ధం వచ్చి తొందరపెట్టే వరకు ఆగకుండా, గొంతు లేనివారి వ్యాధికి మందు వెదకడం.