బాపు గారి అక్షరం



శుభలేఖపై వధూవరుల పేర్లు కొంచెం పక్కకు ఒరిగి, తలకట్టు ఎగురవేసి, ఒత్తులను ఒడిలో కూర్చోబెట్టుకొని కనబడితే అవి ఎవరి అక్షరాలో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. అవి బాపు గారి అక్షరాలు.

బాపుగా ప్రసిద్ధులైన సత్తిరాజు లక్ష్మీనారాయణ 1933 డిసెంబరు 15న నరసాపురంలో జన్మించారు. చదువు మద్రాసులో సాగింది. 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొన్నా, నమ్ముకొన్నది మాత్రం కుంచెనే. 2014 ఆగస్టు 31న చెన్నపట్టణంలోనే కన్నుమూశారు. తమిళనాట బ్రతికిన వ్యక్తి చేతివ్రాత యావదాంధ్రులకూ ఆత్మీయమైన వ్రాత కావడం ఈ సభవారు ప్రత్యేకించి గమనించదగిన సంగతి.

సీసపు అచ్చుల కాలంలో తెలుగు కూర్పు సులభం కాదు. అక్షరానికి గుణింతాలు, వాటికి మళ్ళీ ఒత్తులు. కంపోజిటరు ఎదుట లెక్కలేనన్ని గళ్ళు. ఒత్తు కిందికి వేలాడుతుంది గనుక వరుసల నడుమ ఎడం వదలక తప్పదు. పత్రికలవారు కథల శీర్షికలను చిత్రకారుల చేత వ్రాయించి, బ్లాకు చేయించి అచ్చువేసేవారు. ఆ కాస్త చోటే బాపు గారికి ఆటస్థలమైంది. గీత ఒకచోట లావై, మరొకచోట సన్నమై సాగుతుంది. ఒత్తు పై అక్షరపు వంపులోకి ఒదిగిపోతుంది. బొమ్మ గీసిన చేయే పేరునూ వ్రాసింది గనుక రెండూ ఒక్క ఊపిరితో నడుస్తాయి. ముళ్ళపూడి వెంకటరమణ గారి ‘బుడుగు’కు ఆయన గీసిన బొమ్మలు చూచినవారికి ఈ మాట తెలుస్తుంది.

తరువాత ఆ వ్రాత కంప్యూటరు ఫాంటుగా అవతరించింది. లాభం కలిగింది, కొంత నష్టమూ కలిగింది. ‘అమ్మమ్మ’ అని చేత్తో వ్రాస్తే రెండు ‘మ్మ’లూ అక్కచెల్లెళ్ళవలె ఉంటాయి, ఫాంటులో ఒకే అచ్చున పోసిన బొమ్మలవలె ఉంటాయి. పైగా సులభంగా దొరికిన వస్తువు కావడంతో ఎక్కడబడితే అక్కడ వాడుక పెరిగింది. ఆహ్వానానికి, అట్టకు, నాటక ప్రదర్శన బ్యానరుకు అది అలంకారమే. పేజీలకొద్దీ వ్యాసాన్ని చిన్న అక్షరాలలో దానితో కూర్చితే కన్ను అలసిపోతుంది. సంతాప ప్రకటనను కూడ ఆ నవ్వే అక్షరంతోనే వేయడం బొత్తిగా ఔచిత్యభంగం.

మరొక చిక్కున్నది. 1991నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు స్థానం లభించినా, డీటీపీ కేంద్రాలు చాలాకాలం సొంత సంకేతాల ఫాంట్లతోనే పని నడిపాయి. అట్టి ఫైలును ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని గుర్తులు కనబడతాయి. పాఠశాల సంచికల పాత ఫైళ్ళు ఎవరివద్దనైనా ఉంటే, ఆ ఫాంట్లు దొరుకుతూ ఉండగానే యూనికోడ్‌లోకి మార్పించి భద్రపరచడం అవసరం. మూలం యూనికోడ్‌లో ఉంటే దానికి ఏ అక్షరపు ముస్తాబైనా చేయవచ్చును.

ఇరుగుపొరుగు వీధుల్లో తెలుగు బోర్డు అరుదైన ఊళ్ళలో పిల్లవాడికి తెలుగక్షరం పాఠ్యపుస్తకంలో మాత్రమే, బిగుసుకొని నిలబడి కనిపిస్తుంది. గోడపత్రిక శీర్షికనైనా ప్రతి నెలా ఒక్కొక్క విద్యార్థి చేత కుంచెతో వ్రాయించవచ్చును. వంకరపోయినా దిద్దకుండా అతికించాలి.