ట్యూబ్ ఆంప్‌లో బయాస్ ప్రీసెట్: చిన్న పార్ట్, పెద్ద నష్టం

ఈ రోజు ఎపిసోడ్ ట్యూబ్ ఆంప్లిఫైయర్ సొంతంగా కట్టుకునేవాళ్ళ కోసం. ముందు నా తప్పు చెప్తాను.

నేను రెండు ఈఎల్34 ట్యూబులతో ఒక ఆంప్ కట్టాను. ఒక రాత్రి పాట నడుస్తుంటే స్పీకర్‌లో హమ్ మొదలైంది. చూస్తే ఒక ట్యూబ్ లోపలి ప్లేట్ ఎర్రగా కాలుతోంది! వెంటనే స్విచ్ తీసేశా. ఫ్యూజ్ మాత్రం చెక్కుచెదరలేదు. ట్యూబ్ పోయింది. ఇంకాసేపు గమనించకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోయేదేమో. ఆంప్‌లో అన్నిటికంటే ఖరీదైనది అదే కదా.

కారణం? బయాస్ అడ్జస్ట్ చేసే చిన్న ప్రీసెట్. పైన మూత లేని కార్బన్ రకం. దుమ్ము పట్టి, మధ్యలో తిరిగే కాంటాక్ట్, అంటే వైపర్, ట్రాక్‌ని వదిలేసింది.

అసలు బయాస్ ఏం చేస్తుంది? ట్యూబ్ గ్రిడ్‌కి మైనస్ వోల్టేజ్ ఇచ్చి కరెంట్‌ని అదుపులో పెడుతుంది. బండికి బ్రేక్ లాంటిది. ఆ మైనస్ పోతే ట్యూబ్ పూర్తిగా తెరుచుకుంటుంది, ప్లేట్ ఎర్రబడుతుంది.

సరే, ఏం కొనాలి? మూసి ఉన్న, సెర్మెట్ ట్రాక్ ఉన్న మల్టీటర్న్ ప్రీసెట్. బోర్న్స్ 3296 లాంటిది. 25 చుట్లు తిరుగుతుంది కాబట్టి సెట్టింగ్ మెల్లగా, కచ్చితంగా చేసుకోవచ్చు. కానీ దాని డేటాషీట్‌లో తిప్పుడు ఆయుష్షు 200 సైకిళ్ళే. అందుకని రోజూ సరదాకి తిప్పకండి.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. ఎంత మంచి ప్రీసెట్ అయినా ఏదో ఒక రోజు పోవచ్చు. పోయినా ట్యూబ్ బతకాలి. దానికి వైరింగ్ ముఖ్యం.

మన బయాస్ సప్లై మైనస్ 60 వోల్ట్లు అనుకుందాం. 10కె ప్రీసెట్ ఒక చివర ఆ మైనస్‌కి. రెండో చివరని నేరుగా గ్రౌండ్‌కి కలపొద్దు, మధ్యలో 15కె రెసిస్టర్ పెట్టండి. అప్పుడు పొరపాటున చివరిదాకా తిప్పినా బయాస్ సున్నా అవ్వదు. ఇక వైపర్ నుంచి మైనస్ చివరకి ఒక 100కె రెసిస్టర్ వెయ్యండి. వైపర్ వదిలేసినా ఈ రెసిస్టర్ గ్రిడ్‌ని పూర్తి మైనస్‌కి లాగేస్తుంది. సౌండ్ పాడవుతుంది, ట్యూబ్ చల్లబడుతుంది, అంతే. నేను ముందే ఇది వేసి ఉంటే నా ట్యూబ్ బతికేది. రెండు ట్యూబులుంటే దేనికి దానికి విడిగా ప్రీసెట్ పెట్టుకోండి.

బయాస్ సప్లైలో కెపాసిటర్ కూడా చూడండి. 60 వోల్ట్లకి 100 వోల్ట్ల, 105 డిగ్రీల రకం వాడండి. ఇక్కడ ప్లస్ కాలు గ్రౌండ్‌కి వెళ్తుంది. చాలామంది తిరగేసి పెడతారు, జాగ్రత్త.

పవర్ ట్యూబులు పెట్టకముందే ఆంప్ ఆన్ చేసి, ఈఎల్34 సాకెట్ 5వ పిన్‌లో మైనస్ వస్తోందా చూడండి. ప్లాస్టిక్ పుల్లతో ప్రీసెట్‌ని మెల్లగా తట్టండి. మీటర్ అంకె ఎగిరితే ఆ ప్రీసెట్ పారెయ్యండి. తర్వాత ప్రీసెట్‌ని పూర్తి మైనస్‌లో ఉంచి, ఆఫ్ చేసి, ట్యూబులు పెట్టండి.

ఎంత సెట్ చెయ్యాలి? ఈఎల్34 ప్లేట్ గరిష్ఠం 25 వాట్లు. 70 శాతం అంటే 17.5. ప్లేట్‌లో 450 వోల్ట్లుంటే సుమారు 39 మిల్లీఆంప్స్. కాథోడ్‌లో 10 ఓమ్స్ రెసిస్టర్ ఉంటే దాని మీద 390 మిల్లీవోల్ట్లు కనిపిస్తాయి. అందులో స్క్రీన్ కరెంట్ కూడా కొంచెం కలిసి ఉంటుంది కాబట్టి ప్లేట్ ఇంకాస్త సేఫ్. 20 నిమిషాలు వేడెక్కాక మళ్ళీ చూడండి.

చివరగా ఒక్క మాట. లోపల 400 వోల్ట్లకి పైనే ఉంటాయి, ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి. డిశ్చార్జ్ అయ్యాయని మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. కొత్తవాళ్ళైతే తెలిసినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి.

మీ ఆంప్‌లో ఏ ప్రీసెట్ ఉందో చూసి కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం ఫ్రెండ్స్, ఉంటాను.