నమలు పొగాకు: నోటికణముల సాక్ష్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ మందిరమున పద్యములను గూర్చి మాటలాడుట నాకు వాడుక. నేడు నోటిని గూర్చి మాటలాడెదను. పద్యము పలుకవలసినదియు నోటితోనే కదా!

పాల్కురికి సోమనాథుడు, బమ్మెర పోతన మన కొడకండ్లకు పొరుగువారు. వారి కాలపు తాంబూలమున పొగాకు లేదు. ఉండుటకు వీలును లేదు. అమెరికా ఖండపు ఆ మొక్కను మన దేశమునకు తెచ్చినవారు తరువాతి కాలమున వచ్చిన పోర్చుగీసువారు. కావున జర్దాను, ఖైనీని, గుట్కాను పెద్దలనాటి ఆచారమనుట చరిత్రకు విరుద్ధము. ఆ మాటకు వచ్చిన, పొగాకు లేని వక్కయు క్యాన్సరు కారకమేయని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించినది.

పొగ లేదు గనుక కీడు లేదని పలువురి నమ్మకము. 2016-17 నాటి సర్వే ప్రకారము మన దేశమున పదునైదేండ్లు దాటినవారిలో నూటికి 21.4 మంది పొగలేని పొగాకు వాడుచుండిరి. రాత్రులు లెక్కలు చూచుకొనుచు నేనును చాలకాలము దవడలో తంబాకు నుంచుకొన్నవాడనే. కూరలోని కారము తగిలి బుగ్గ మండినప్పుడు గాని నాకు భయము కలుగలేదు. అయితే మంట పుట్టుటకు ఎంతో ముందే కణములు సాక్ష్యము చెప్పగలవు.

బుగ్గలోపలి పొర అడుగున కణములు ఎడతెగక విభజన చెందుచుండును. క్రొత్తకణము పైకి చేరుటకు ఒకటి మొదలు మూడు వారములు పట్టును. ప్రతి విభజనలోను క్రోమోసోములు రెండు పాళ్లుగా సరిగా పంచబడవలెను. వెనుకటి పహాణీకి నకలు వ్రాసి రెండు కట్టలు కట్టునప్పుడు ఒక కాగితము చినిగి ఏ కట్టలోను చేరక మిగిలినట్లు, పొగాకులోని నైట్రోసమైనులు మున్నగు విషములు డి.ఎన్.ఎ.ను త్రెంపగా, తెగిన ముక్క కేంద్రకములో చేరక ప్రక్కన చిన్న చుక్కగా మిగులును. దానికే సూక్ష్మకేంద్రకమని పేరు.

దీనిని చూచుటకు కత్తియు సూదియు అక్కరలేదు. నోరు పుక్కిలించిన పిమ్మట చెక్కపుల్లతో బుగ్గలోపల మెల్లగా గీరి, వచ్చిన కణములను గాజుపలకపై పూసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో వేయి, రెండువేల కణములను లెక్కింతురు. 1924లో ఫాయిల్గెన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన రంజనవిధానము డి.ఎన్.ఎ.ను మాత్రమే చూపును గనుక చెత్తకును చుక్కకును భేదము తెలియును. అలవాటు లేనివారిలో వేయింటికి సుమారు ఒక కణమున ఈ చుక్క కనబడును. నమలువారిలో అంతకంటె స్పష్టముగ హెచ్చును.

కెనడాలో హన్స్ స్టిచ్, మిరియమ్ రోసిన్ మున్నగువారు 1980ల తొలినాళ్లలో ఈ లెక్కను వక్క, పొగాకు నమలు ఆసియావారికి వర్తింపజేసిరి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారును దీనిని చేపట్టిరి. చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని త్రాగు అడ్డపొగ గ్రామీణులకు విటమిను ఎ, రైబోఫ్లేవిను, జింకు, సెలీనియము ఒక యేడు ఇచ్చి చూడగా సూక్ష్మకేంద్రకములు తగ్గినవని 1995లో ప్రకటించిరి. పొగాకు వదలక మాత్రలు మ్రింగిన చాలునని దీని కర్థము కాదు. 1994లో ఫిన్లాండు పరిశోధనలో బీటా కెరోటిన్ మాత్రలు తినిన ధూమపాయులలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా పెరిగినది.

ఇంకొక మాట. చుక్క కనబడుటయే క్యాన్సరు కాదు. ఒక మనిషికి రోగము వచ్చునో రాదో ఈ లెక్క చెప్పజాలదు. ఒక అలవాటు గల జనసమూహమునకు ఎంత హాని జరుగుచున్నదో చెప్పును. రెండు వారములకును మానని పుండు గాని, తెల్లమచ్చ గాని నోట కనిపించినచో లెక్కలు మాని వైద్యుని వద్దకు పోవలెను.

ఈ రజతోత్సవమున నేను కోరు కానుక యొక్కటే. పొట్లమును ఈ గడపవద్దనే విడిచి లోనికి రండు. గంట నిలిచిన నియమము దినము నిలుచును. దినము నిలిచినది మూడు వారములు నిలుచును. పాత గాయములన్నియు మాసిపోవునని చెప్పజాలను గాని, అప్పటికి మీ బుగ్గలో పాతపొర రాలి క్రొత్తపొర వచ్చియుండును. దానిపై ఏమి వ్రాయవలెనో మీ చేతిలోనిది.