పుల్లరి కట్టినవారి పక్షం
(అధ్యక్షోపన్యాసం)

 

ఈ సదస్సులో అమెరికన్ నాటకంలో జాతి, కుటుంబం, రాజకీయ నాయకత్వం అనే అంశంపై పత్రాలు వినబోతున్నాం. ఆ చర్చకు ముందు మన నేల సంగతి కొంత మాట్లాడుకోవాలి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏలినవాడి కథలో ఏలుబడికి లోనైనవాడి గొంతు వినిపించాలి. అది వినిపించనంత కాలం మన చరిత్ర సగమే, మన నాటకమూ సగమే.

13వ శతాబ్దంలో నెల్లూరును మనుమసిద్ధి ఏలాడు. దాయాదులు అక్కన, బయ్యన ఆయన గద్దెను లాక్కున్నారనీ, కవి తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయంతో దాన్ని తిరిగి ఇప్పించాడనీ సంప్రదాయం చెబుతుంది. అలా ఇంటిపోరులో పోయి, పొరుగు రాజు అండతో తిరిగొచ్చిన రాజ్యం అది. ఆ రాజ్యం ఎదుట నిలబడ్డవాడు కనిగిరి సీమ యాదవ నాయకుడు కాటమరాజు. కరువొచ్చింది. ఆవులమందలు మేత వెతుక్కుంటూ నెల్లూరు పొలిమేరల్లోకి దిగాయి. మేతకు పన్నుగా పుల్లరి కడతామని ఒప్పందం కుదిరింది, తర్వాత చెడింది. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం జరిగింది.

ఈ యుద్ధం కథను రెండు పక్షాలూ భద్రపరచుకున్నాయి. ఆస్థానం వైపు కథ చాటుపద్యాల్లో ఉంది. కవి తిక్కనకు దాయాది అయిన ఖడ్గతిక్కన రణరంగం నుంచి వెనుదిరిగి వస్తే, భార్య చానమ్మ ఆడవాళ్లకు పెట్టినట్టు పసుపు పెట్టి స్నానానికి ఏర్పాటు చేసింది. తల్లి విరిగిన పాలు వడ్డించింది. అతను తిరిగి వెళ్లి ప్రాణం వదిలాడు. రాజ్యం కోసం చావమని రాజు చెప్పనక్కర లేకపోయింది, ఆ మాట ఇల్లే చెప్పింది. కుటుంబం నాయకత్వానికి ఎంత లోతుగా ఊడిగం చేస్తుందో ఇంతకన్నా కఠినంగా చెప్పిన కథ నాకు తెలియదు.

పశుల కాపరుల వైపు కథను కొమ్ములవారు నిలబెట్టారు. కొమ్ము ఊదుతూ, రాత్రుల తరబడి కాటమరాజు కథలు పాడినవాళ్లు దళిత కళాకారులు. తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఆ కథలను సేకరించి గ్రంథస్థం చేశారు. ఆరుద్ర ఆ కథను నాటకంగా రాశారు. యాదవ వీరుల కీర్తిని వందల ఏళ్లు మోసిన ఆ గాయకుల సొంత కథ మాత్రం, నాకు తెలిసినంతలో, ఇంకా రంగస్థలం ఎక్కలేదు.

మన నెల్లూరు నాటకరంగానికి మూలపురుషుల్లో ఒకరైన వేదం వేంకటరాయశాస్త్రి గారి ‘ప్రతాపరుద్రీయం’ 1897 నాటిది. అందులో చాకలి పేరిగాడికి రాజు పోలికలున్నాయి. మంత్రి యుగంధరుడు అతన్నే రాజుగా చూపించి రాజ్యాన్ని కాపాడతాడు. వేషం వేసి కూర్చోబెడితే చాకలికీ దండాలు పెడతారన్న సంగతిని ప్రేక్షకుడి కళ్లెదుట నిలిపిన నాటకం అది. రాజరక్తం మీద నమ్మకాన్ని అది ఎంత కదిలించిందో మన విమర్శ ఇంకా పూర్తిగా తూచలేదు. ఏ పాత్రకు తగిన మాట ఆ పాత్రకిచ్చే పాత్రోచిత భాష పేరిగాడికి తన సొంత మాటనిచ్చింది. ఆ మాటే అతను గద్దెకు తగడని గుర్తు చేస్తూ కూడా ఉంటుంది. ఈ రెంటినీ కలిపి చదవాలి.

త్రిపురనేని రామస్వామి చౌదరి గారు ‘శంబుకవధ’లో నేరుగా రాజునే నిలదీశారు. బోయి భీమన్న గారి ‘పాలేరు’లో పశువులు కాసే కుర్రవాడు చదువుకుని అధికారి అవుతాడు. చాకలి పేరిగాడు వేషంతో ఎక్కిన మెట్టును ఈ పాలేరు చదువుతో ఎక్కాడు. మధ్యలో తెలుగు సమాజం నడిచిన దూరమంతా ఉంది.

ఇక అమెరికా. మనుషులందరూ సమానులని 1776లో రాసిన జెఫర్సన్ ఇంట్లో సాలీ హెమింగ్స్ బానిస. ఆమెకు ఆయనవల్ల పుట్టిన పిల్లలూ బానిసలుగానే పుట్టారు. బిడ్డకు తల్లి స్థితే దక్కాలన్నది అక్కడి చట్టం. 1998 నాటి డీఎన్ఏ పరీక్ష ఆ కుటుంబంలో తరతరాలుగా చెప్పుకున్న మాటకు బలమిచ్చింది. నల్లజాతి రచయిత్రి లోరెయిన్ హాన్స్‌బెరీ నాటకం ‘ఎ రైజిన్ ఇన్ ది సన్’ 1959లో బ్రాడ్వేకెక్కింది. తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొన్నందుకు ఆమె తండ్రిపై పడిన వ్యాజ్యం 1940లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నాటకంలో, మా పేటకు రావద్దని డబ్బు ఇవ్వజూపిన మనిషికి కథానాయకుడు వాల్టర్ తన కొడుకు ఎదుట నిలబడి కాదని చెబుతాడు. పదవి, జెండా ఏమీ లేని ఒక ఇరుకు గదిలో నాయకుడు పుట్టడం అక్కడ చూస్తాం.

జాతినీ కులాన్నీ ఒకే గాటన కట్టవద్దని పరిశోధకులకు నా మనవి. అక్కడ గీత ఒంటి రంగు మీద గీశారు. ఇక్కడ అది ఇంటిపేరులో, పెళ్లి సంబంధంలో నడుస్తుంది. అందుకే మన దగ్గర కుటుంబాన్ని చదవకుండా కులాన్ని చదవలేం.

ఇక రాజకీయ నాయకత్వం సంగతి. దామోదరం సంజీవయ్య గారు 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవికి వచ్చిన తొలి దళితుడు ఆయనే. అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లవారికి ఓటుహక్కును గట్టిగా కాపాడిన చట్టం 1965లో గానీ రాలేదు. అంత ముందు నడిచిన మనం, ఆయన తర్వాత మరో దళితుణ్ణి ఆ కుర్చీలో ఇంతవరకు కూర్చోబెట్టలేదు. ఇది మన సాహిత్యం తలకెత్తుకోవలసిన ప్రశ్న. నాయకత్వానికి చేరే రెండు దారులను మన ఊళ్లలోనూ చూశాం. రాజకీయ వారసత్వం లేని రైతుబిడ్డ వెంకయ్యనాయుడు గారు 1978లో, 1983లో ఉదయగిరి నుంచి శాసనసభకు వెళ్లి, కాలక్రమంలో ఉపరాష్ట్రపతి అయ్యారు. ఆత్మకూరులో 2022 ఫిబ్రవరిలో మంత్రి గౌతమ్‌రెడ్డి గారు అకాలమరణం చెందితే, ఆ జూన్ ఉప ఎన్నికలో సోదరుడు విక్రమ్‌రెడ్డి గారు గెలిచారు. ప్రజల దుఃఖం, అభిమానం, కుటుంబం మీద నమ్మకం కలిసి ఓటుగా మారే తీరును అర్థం చేసుకోవడం మన పని. దాన్ని తేలిక చేసి మాట్లాడితే ప్రజలనే తేలిక చేసినట్టు.

ఈ సదస్సు నుంచి మూడు పనులు కోరుతున్నాను. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల్లో కాటమరాజు కథ పాడగలవారు ఇంకా ఎక్కడున్నారో వెతికి, వారి పాటతోపాటు వారి జీవితాన్నీ రికార్డు చేయాలి. ‘ప్రతాపరుద్రీయా’న్ని పేరిగాడి వైపు నుంచి కొత్తగా ప్రదర్శించాలి. మన ఎన్నికల మీద ఒక నాటకం రావాలి. అందులో ముఖ్యపాత్ర అభ్యర్థిది కాకుండా, వరుసలో నిలబడి ఓటేసి ఇంటికెళ్లే మేకల కాపరిది కావాలి. విద్యార్థులు ఈ పనికి పూనుకుంటే వారి వెంట నడవడానికి నేను సిద్ధం. ఆ నమ్మకంతో సదస్సు ప్రారంభమైనట్టు ప్రకటిస్తున్నాను.