జస్ట్ వంద రియాళ్లే!

మన తెలుగులో బాగా కలిసిపోయిన రెండు చిన్న ఇంగ్లీషు మాటల గురించి ఈ రోజు చెప్పుకుందాం. ఒకటి 'ఓన్లీ', రెండోది 'జస్ట్'.

ముందు ఓన్లీ సంగతి. "అయామ్ ఇన్ దమ్మామ్ ఓన్లీ" అంటుంటాం మనం. "దమ్మామ్‌లోనే ఉన్నాను" అని మన ఉద్దేశం. మన ఏకారం రెండు పనులు చేస్తుంది. "ఆయనే వచ్చారు" అంటే నొక్కి చెప్పడం, "పది రూపాయలే" అంటే తగ్గించి చెప్పడం. ఇంగ్లీషువాళ్లు ఓన్లీని మనలా నొక్కి చెప్పడానికి వాడరు. అందుకే మన మాట వాళ్లకి వింతగా ఉంటుంది. దీనివల్ల నష్టమేమీ లేదు, నవ్వుకుని ఊరుకోవచ్చు.

జస్ట్ అలా కాదు. దీని లాటిన్ మూలానికి న్యాయమైనది, సరైనది అని అర్థం. 'జస్టిస్' కూడా ఆ ఇంటి పిల్లే. "సరిగ్గా ఇంత" అనే చోటు నుంచి "ఇంతేగా" అనే చోటికి జారింది. "వంద రియాళ్లే" అన్నప్పుడు ముందు వంద వినబడుతుంది, తగ్గింపు తర్వాత వస్తుంది. "జస్ట్ వంద" అంటే అంకె చెవిన పడకముందే అది చిన్నదని మనసు ఒప్పేసుకుంటుంది.

సౌదీలో ఉన్నవాళ్లకి ఇది జేబుకి సంబంధించిన విషయం. 2017 జూలైలో కుటుంబ సభ్యుల మీద ఫీజు మొదలైంది. మనిషికి నెలకి 100 రియాళ్లు. "జస్ట్ హండ్రెడే కదా" అనిపించింది. ఏటా వంద చొప్పున పెరిగి 2020 జూలైకి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే మొదటి ఏడాది 3,600 రియాళ్లు. 400 లెక్కన ఏడాదికి 14,400. ఆ లెక్క చూసుకునే ఎందరో కుటుంబాల్ని ఇండియా పంపేశారు. వ్యాట్ కూడా అంతే. 2018 జనవరిలో 5 శాతం, 2020 జూలైలో 15.

డబ్బు సంగతి అలా ఉంచితే, మనుషుల్ని కూడా ఈ మాటతో తగ్గించేస్తున్నాం. "మీరేం చేస్తారండీ?" అని అడిగితే "జస్ట్ హౌస్‌వైఫ్‌నండీ" అంటారు. "జస్ట్ డ్రైవర్‌ని అన్నా" అంటాడు కరీంనగర్ నుంచి వచ్చిన తమ్ముడు. అక్కడ ఓ ఇల్లంతా అతని జీతం మీదే నడుస్తుంటుంది! పక్కన మన పిల్లలు వింటూనే ఉంటారు. రేపు స్కూల్లో వాళ్లూ "మా అమ్మ జస్ట్ హౌస్‌వైఫ్" అంటారు.

అందుకని నాదో చిన్న మనవి. ఖర్చు గురించి గానీ, మనిషి గురించి గానీ చెప్పేటప్పుడు ఆ జస్ట్ తీసేసి ఒకసారి చెప్పి చూడండి. అంకె అంకెలా, మనిషి మనిషిలా కనిపిస్తారు.