భావములు వేషము గట్టిన కథ



1921వ సంవత్సరమున అమెరికాలో ‘ఎక్స్‌పీరియన్స్’, అనగా ‘అనుభవము’ అను మూగచిత్రము వెలువడినది. దర్శకుడు జార్జి ఫిట్జ్‌మారిస్. అందు నాయకుని పేరు యౌవనము. అతడు వలచిన కన్నియ ప్రేమ. త్రోవ తప్పించునవి సుఖము, ప్రలోభము. ఆ చిత్రము నేడు లభించుట లేదు. ఆ యేటనే మన రఘుపతి వెంకయ్యగారు, వారి కుమారుడు ప్రకాశుగారు ‘భీష్మప్రతిజ్ఞ’ను తెరకెక్కించిరి.

భావములకు వేషము గట్టుట మనకు క్రొత్త గాదు. పదునొకండవ శతాబ్దమున, చందేలరాజగు కీర్తివర్మ కాలమున, కృష్ణమిశ్రుడు సంస్కృతమున ‘ప్రబోధచంద్రోదయ’ నాటకము రచించెను. పదునైదవ శతాబ్దమున నంది మల్లయ, ఘంట సింగయ యను జంటకవులు దానిని తెలుగున పద్యకావ్యముగ జేసిరి.

మనస్సను రాజునకు ప్రవృత్తి, నివృత్తి యని యిద్దరు భార్యలు. ఒకామె కొడుకు మహామోహుడు, వేఱొకామె కొడుకు వివేకుడు. ఒక తండ్రి బిడ్డలే కాశికై పోరాడుదురు. శాంతి తల్లియగు శ్రద్ధను గానక, కరుణను వెంటబెట్టుకొని వెదకును. పోయినచోటనెల్ల అదే పేరు పెట్టుకొన్న వేఱు శ్రద్ధలు ఎదురగుదురు. అచ్చట కవి పరమతముల నెగతాళి చేసినాడు. ఆ భాగము నాకు రుచింపదు. యుద్ధమున కామునిపైకి వస్తువిచారుడు, లోభునిపైకి సంతోషుడు పోవుదురు. క్రోధునిపైకి మాత్రము పోవునది ఆడుది, క్షమ.

కామక్రోధాదులు కూలుదురు, మోహుడు పాఱిపోయి యెచ్చటనో దాగును. వివేకునకు గెలుపు. కాని మనస్సు సంతోషింపదు. చెడ్డవారైనను తనవారే గదా! శోకము తాళజాలక ప్రాణత్యాగమునకు సిద్ధపడగా సరస్వతి వచ్చి యూరడించును. పిదప వివేకుడు ఉపనిషద్దేవిని గూడగా ప్రబోధుడు జనించును.

ఈ కథ నేను బడిలో పెక్కుసారులు చెప్పితిని. తండ్రి యేడ్చు ఘట్టము మాత్రము త్వరగా దాటించెడివాడను. మా తండ్రిగారు గతించిన పిమ్మట పంపకములయందు నేనును నా తమ్ముడును కలహించి యేడేండ్లు మాటలాడుకొనలేదు. ఒకటే యూరు, ఈ జంగారెడ్డిగూడెమే. ఎదురుపడిన మొగము త్రిప్పుకొనెడివారము. ఆ యేడేండ్లును ‘క్రోధుని జయించిన దెవరు?’ అని పిల్లలను ప్రశ్నించుచునే యుంటిని.

ఒక సంక్రాంతినాడు తమ్ముని భార్య మా గడపలో నిలిచినది. పొలము మాట యెత్తలేదు. ‘బావగారూ, విస్తళ్లు వేసినాము, రండు’ అన్నది. కండువా వేసికొని ఆమె వెంట నడచితిని.